పద్నాలుగో మిషను ఆగలేదు

దారం చుట్టే ఖాళీ కండెలు తెస్తానని గోదాములోకి వెళ్ళిన పిల్ల ఇరవై నిమిషాల తర్వాత తిరిగొచ్చింది. చేతిలో ఒక్క కండె కూడా లేదు. కుడిచెవి తమ్మె చీలి మెడ మీదికి సన్నగా నెత్తురు కారుతోంది. ఆ పిల్లని మిల్లులో అందరూ వసపిట్ట అంటారు. పది నిమిషాలు నోరు మూసుకుని ఉండమని పందెం కాస్తే, అయిదో నిమిషానికే ఓడిపోయి నవ్వే రకం. ఆ రోజు మాత్రం నోరు తెరవలేదు. పద్నాలుగో మిషను ముందు నిలబడి, తెగిన దారం కొసలు రెండూ పట్టుకుని ముడెయ్యబోయింది. మూడుసార్లు జారిపోయింది.

పక్కన పదమూడో మిషను నిదానమ్మది. అదేమీ ఆమె అసలు పేరు కాదు. ఎవరేమడిగినా "నిదానంగా చూద్దాంలే" అంటుందని ఇరవయ్యేళ్ళ కింద ఎవరో వేళాకోళానికి పెట్టారు. హాజరు పట్టీలో తప్ప అన్నిచోట్లా అదే ఖాయమైపోయింది. పిల్ల గోదాములో ఉన్నంతసేపూ రెండు మిషన్లూ నిదానమ్మే నడిపింది. ఇటు రెండడుగులు, అటు రెండడుగులు. తెగిన చోటల్లా ముడి, నిండిన కండెలన్నీ బుట్టలోకి.

"ఏమయిందే?" అని అడిగి, పిల్ల వేళ్ళలోంచి దారం తీసుకుని తానే ముడేసింది.

అంతలో గోదాము తలుపు తీసుకుని మేస్త్రీ బయటికొచ్చాడు. చొక్కా చేతి గుండీ పెట్టుకుంటున్నాడు. మణికట్టు మీద పచ్చిగా గోటిగీతలు.

"ఏంటి ముచ్చట్లు? దారాలు తెగుతుంటే కళ్ళు కనపడట్లేదా?" అన్నాడు.

హాల్లో అరవైమంది ఆడవాళ్ళున్నారు. అరవైమందీ ఆ చెవి చూశారు, ఆ గీతలు చూశారు, తల వంచుకుని తమ తమ దారాలు చూసుకున్నారు. చూసీ చూడనట్టు ఉండటం ఆ హాల్లో చేరిన వారంలోనే అబ్బే విద్య, దానికి ట్రైనింగు అక్కర్లేదు. తిలాపాపం తలా పిడికెడు. అందులో నిదానమ్మ పిడికిలి కూడా ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ప్రతి మిషనుకీ ఒక మీటరుంటుంది. మిషను నడిచినంతసేపూ లోపలి కాగితం మీద గీత పడుతుంది. ఆగితే ఆ మేరకు ఖాళీ. సాయంత్రం ఖాళీలు చూసి మేస్త్రీ పిలుస్తాడు. కడుపునొప్పి అయినా, కళ్ళు తిరిగినా, బాత్రూముకి వెళ్ళొచ్చినా ఖాళీ ఖాళీయే. అందుకని ఆడవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు పక్కకి వెళితే పక్క మిషను ఆవిడ రెండూ నడుపుతుంది. దానికి చేబదులు అని పేరు. "కాస్త చేబదులియ్యక్కా" అంటే చాలు, ఎందుకని అడగరు. గోడ మీద అతికించిన రూళ్ళలో ఏడోది మాత్రం ఇలా ఉంటుంది: ఒకరి మిషను మరొకరు నడిపితే ఉద్యోగం ఊడుతుంది. అలా నడుపుతారని మేనేజరుకీ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. గీత తెగకుండా పడుతున్నన్నాళ్ళూ వాళ్ళకి ఏడో రూలు గుర్తుకి రాదు.

మర్నాడు వసపిట్ట మేస్త్రీ మీద ఫిర్యాదు కాగితం రాసింది. ఆ గోదాము గురించి ఆ మిల్లులో పడిన మొదటి కాగితం అది. రాయడానికి పక్కన కూర్చున్నది ఫిట్టరు బాబాయి. ముప్ఫయ్యేళ్ళుగా ఆ మిషన్ల పొట్టల్లో చేతులు పెట్టి బతికిన మనిషి, గోళ్ళలో నల్ల గ్రీజు ఏ సబ్బుకీ లొంగదు. కాగితం అందుకుని మేనేజరు మొహం చిట్లించలేదు. నవ్వాడు. బీరువాలోంచి ఆ పిల్ల చేరిననాటి కాగితాల కట్ట తీసి చివరి పేజీ చూపించాడు. ఏ తగువొచ్చినా కోర్టుకి వెళ్ళను, మధ్యవర్తి చెప్పిందానికి కట్టుబడతాను, విచారణ గదిలో జరిగింది బయట చెప్పను. కింద సంతకం ఉంది. ఆ పేజీలు అందరివీ ఉన్నాయి. చేరేరోజున ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టారు. పని దొరికిందన్న సంబరంలో చివరి పేజీ ఎవరు చదువుతారు?

"మధ్యవర్తిని ఎవరు పెడతారు బాబాయ్?" అని అడిగింది నిదానమ్మ.

"కంపెనీ."

"మరి మనవైపు?"

"మనవైపు కూడా కంపెనీయే పెడుతుందమ్మా. దొంగ చేతికి తాళాలిచ్చి, ఇల్లు భద్రంగా ఉందా అని వాడినే అడగటం. నేను చేరాక తొమ్మిదిమంది ఆ గదిలోకెళ్ళారు. తొమ్మిదిమందీ గేటులోంచి బయటికే పోయారు."

గది ఆఫీసు మేడ మీద ఉంది. కింద తివాచీ, కిటికీకి తెర, బల్ల మీద మూతపెట్టిన నీళ్ళ గ్లాసు. మధ్యవర్తి పెద్దమనిషి. గొంతు మెత్తన, ప్రతి మాటకీ ముందు "అమ్మా" అంటాడు. పిల్లని ఒక్కదాన్నే పిలిచారు. లోపల ఒక్కటే కాగితం చూపించారు, పద్నాలుగో మిషను మీటరు కాగితం. ఆ రోజు పదింటినుంచి పదకొండింటిదాకా గీత నిండుగా ఉంది, వెంట్రుకవాసి ఖాళీ లేదు. మిషను ఆగలేదంటే నువ్వు మిషను దగ్గరే ఉన్నట్టు. మిషను దగ్గరే ఉంటే గోదాములో లేనట్టు. లేకపోతే మేస్త్రీ ఏమీ చెయ్యనట్టు. చెవి సంగతా, దారం బుట్ట తగిలి చీలిందని మేస్త్రీయే చెప్పాడు.

సాయంత్రానికల్లా హాలు తలుపుకి నోటీసు అతికించారు. ఇప్పుడు నేరం మేస్త్రీది కాదు. పైవాడి మీద అబద్ధపు నింద వేసిన నేరం, వసపిట్టది. రుజువైతే ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు పడుతుంది.

నిదానమ్మ ఆ నోటీసు ముందు నిలబడిపోయింది. ఆ గీత తన చేతులు గీసిన గీత. ఆ రోజు చేబదులివ్వకుండా మిషను ఆగనిచ్చి ఉంటే, ఇరవై నిమిషాల ఖాళీ ఆ పిల్ల తరఫున సాక్ష్యం చెప్పేది. మేలు చెయ్యబోయి ఉరితాడు పేనింది.

మర్నాడే మేనేజరు ఆమెని పిలిచాడు. కూర్చోమన్నాడు. ఇరవయ్యేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"మీ ఆయనకి ఎలా ఉందమ్మా?"

"అలాగే ఉందండి."

ఆమె భర్త దూది ఏకే గదిలో పద్దెనిమిదేళ్ళు చేశాడు. ఊపిరితిత్తుల నిండా నుసి. పగలంతా మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంటాడు. పడుకుంటే గాలందదు. మంచం పక్కన గాలి సిలిండరు కంపెనీ డిస్పెన్సరీది. మంచం ఉన్న గది కంపెనీ క్వార్టరు.

"నిన్ను సాక్షిగా పిలుస్తారు. ఆ పిల్ల ఆ గంటా మిషను దగ్గరే ఉందని చెప్పు. మేస్త్రీ కోసం కాదు, నీ మంచికే చెప్తున్నా. లేదూ, నేనే నడిపానంటావా, ఏడో రూలుంది. అప్పుడు క్వార్టరు, సిలిండరు... నా చేతుల్లో ఏముంటుంది చెప్పు?"

"నిదానంగా చూద్దామండి," అంది ఆమె. ఆ మాటే బయటికొచ్చింది.

ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"చెప్పకే," అన్నాడు.

"ఆ పిల్లని జైల్లో పెడతారట."

"పెద్ద న్యాయం... మనమా చేసేది? నాకు గాలి తీసేస్తారు... నువ్వు మాట్లాడితే నేను పోతాను. అంతే లెక్క."

అందులో అబద్ధం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆమెకి నూతిలో ఆ పిల్ల, గోతిలో మొగుడు.

సెలవురోజు పొద్దున క్వార్టర్ల వెనక కొళాయిల దగ్గర అందరూ చేరారు. బిందెలు వరసలో ఉన్నాయి, నీళ్ళు పట్టేవాళ్ళు లేరు. వసపిట్ట గట్టు మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. గదిలోంచి వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల ఎవరితోనూ రెండు ముక్కలు మాట్లాడలేదు.

పన్నెండో మిషను ఆవిడ గయ్యిమంది. ఆమెకి నలుగురు పిల్లలు, ఆమె మాటే నాలుగు వీధులకి వినపడుతుంది. "నేనొకటి చెప్తా, తిట్టినా సరే. ఆ కాగితం వెనక్కి తీసుకోమనండి. ఒక్కదాని కోసం అరవై కొంపలు ఆరాలా?"

"వెనక్కి తీసుకుంటే అబద్ధమని ఒప్పుకున్నట్టే," అన్నాడు ఫిట్టరు బాబాయి. "కేసు ఎటూ పెడతారు. రేపు ఇంకెవరి చెవి చీలినా ఇదే కాగితం చూపిస్తారు. మీటరు చెప్పిందే నిజం అని ఇవాళ ఒప్పుకుంటే, ఇంక ఆ గోదాములో ఏం జరిగినా జరగనట్టే."

"నీకేం బాబాయ్, నీ పెళ్ళాం ఆ గోదాములోకి వెళ్ళదు కదా!" అంది పన్నెండో ఆవిడ.

"వెళ్ళదు. అందుకే నేను కాదు, మీరు మాట్లాడాలి."

"మాట్లాడితే ఏమవుద్ది? ఆ గదిలోకి ఒక్కొక్కరినే పిలుస్తారు. ఒక్కొక్కరినే పీక నొక్కుతారు. అరవైమందిని ఒక్కసారి పిలిచే గది ఎక్కడుంది?"

దూదిపొట్టు ఊడ్చే పెద్దమ్మ చీపురు పక్కన పెట్టింది. "గది మాట తర్వాత. ఆ రోజు మిషను నడిపిన మనిషి ఇక్కడే ఉంది. ముందు ఆమెని చెప్పమనండి."

అందరి తలలూ అటు తిరిగాయి. నిదానమ్మ చేతిలోని బిందె కింద పెట్టింది.

"నిదానంగా..." అంటూ మొదలెట్టింది.

"ఇరవయ్యేళ్ళనుంచి చూస్తూనే ఉన్నావు కదే," అంది పెద్దమ్మ. "ఇంకా కనపడలా?"

వసపిట్ట ఒక్కతే తలెత్తి నిదానమ్మ వంక చూసింది. అడగటం లేదు, బతిమాలటం లేదు. ఆ చూపులో ఆశ అన్నది లేదు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

రెండో విచారణలో నిదానమ్మ ఆ తివాచీ మీద నిలబడింది. మేనేజరు ఒక పక్క, మేస్త్రీ ఒక పక్క. మధ్యవర్తి నీళ్ళు తాగి గ్లాసు మీద మూత పెట్టాడు.

"చెప్పమ్మా. ఆ గంట పద్నాలుగో మిషను ఎవరు నడిపారు?"

"నేనేనండి. ఇరవై నిమిషాలు. నాదీ దానిదీ రెండూ నేనే నడిపాను. ఆ పిల్ల గోదాములోకి వెళ్ళింది. ఈయన వెనకాలే వెళ్ళాడు. నేను చూశాను."

చెప్పేసింది. ఇరవయ్యేళ్ళలో ఆమె తొందరపడి అన్న మాటలు అవే. మేస్త్రీ మొహం నల్లబడింది. మేనేజరు మాత్రం కదలకుండా ఇంకో కాగితం అందించాడు. మధ్యవర్తి చదివాడు.

"ఒక మనిషి రెండు మిషన్లు నడపటం అసాధ్యమని ఇంజనీరు రాసిచ్చాడమ్మా. కాబట్టి స్నేహితురాలి కోసం నువ్వు అబద్ధమాడుతున్నావు. అది నేరం."

"అసాధ్యమా? రోజూ చేస్తామండీ! కిందికి రండి, మీ కళ్ళముందు నడిపి చూపిస్తా."

"నాకు కాగితం చాలమ్మా. పోనీ, నువ్వన్నదే నిజమనుకుందాం. అప్పుడు ఏడో రూలు తప్పినట్టు. అదీ నేరమే కదా?"

అబద్ధమైతే అబద్ధానికి, నిజమైతే నిజానికి. మెత్తటి గొంతుతో, "అమ్మా" అంటూ, ఆ పెద్దమనిషి రెండు తలుపులూ మూసేశాడు. తర్వాత మేనేజరుతో కలిసి భోజనానికి వెళ్ళాడు.

మూడోరోజు పొద్దున ఎనిమిదింటికి మేనేజరు హాల్లో నిలబడి తీర్పు చదివాడు. అందరికీ బుద్ధి రావాలని అందరిముందే చదివాడు. వసపిట్టనీ నిదానమ్మనీ తీసేశారు. వాళ్ళ మీద కేసు పెడతారు. క్వార్టరు సాయంత్రానికి ఖాళీ చెయ్యాలి. తీర్పే ఆఖరు, పైన వినేవాళ్ళు లేరు. కాపలావాళ్ళు ఇద్దర్నీ రెక్క పట్టుకుని గేటు బయట వదిలారు. హాల్లో ఒక్క నోరూ పెగల్లేదు. పన్నెండో మిషను ఆవిడైతే తల కూడా ఎత్తలేదు.

గేటు బయట రాతిగట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎక్కడికి వెళ్ళాలో తెలిస్తే కదా లేచేది. ఎండెక్కింది. నిదానమ్మకి భర్త మొహమే కళ్ళల్లో మెదులుతోంది. వెళ్ళి చెప్పాలి. వెళ్ళడానికి కాళ్ళు రావటం లేదు.

"నా వల్లే అక్కా," అంది వసపిట్ట, నేలకేసి చూస్తూ.

"నోర్ముయ్యి," అంది నిదానమ్మ. ఆ పిల్లతో ఆ మాట ఎన్ని వందలసార్లు అని ఉంటుందో! ఈసారి అన్నాక ఏడుపొచ్చింది.

టీ వేళకి ఫిట్టరు బాబాయి గేటు ఊచల దగ్గరికి వచ్చాడు.

"మీ ఇద్దరూ లోపల పనిచేస్తున్నారే," అన్నాడు.

"ఎండ తలకెక్కిందా బాబాయ్?"

"పదమూడూ పద్నాలుగూ ఆగలేదు. మేనేజరు వెనక్కి తిరగ్గానే పన్నెండో ఆవిడ పదమూడో దాని మీద చెయ్యేసింది. పదిహేనో ఆవిడ పద్నాలుగో దాన్ని పట్టుకుంది. వాళ్ళు అలిసిపోతే అవతలివాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. కరెంటు తీసెయ్యబోతే పెద్దమ్మ చీపురు పుచ్చుకుని స్విచ్చు ముందు నిలబడింది. మీటర్లో గీత పడుతోందమ్మా, నిండుగా!"

నిదానమ్మ చెవొగ్గి విన్నది. గోడల అవతల ఆ హాలు మోత ఎప్పటిలాగే ఉంది. ఇరవయ్యేళ్ళలో ఆ మోత మీద ఆమెకి ప్రేమ పుట్టటం అదే మొదటిసారి.

నాలుగింటికి ఆడవాళ్ళు ఆ రెండు మిషన్ల మీటరు కాగితాలూ ఊడదీసుకుని బయటికొచ్చారు. పొద్దున ఎనిమిదినుంచి సాయంత్రం నాలుగుదాకా తెగని గీత. కాగితం వెనక సంతకాలు, వేలిముద్రలు, అరవైకి ఇద్దరు తక్కువ. పైన ఒక్కటే వాక్యం: ఈ మిషను నేను నడిపాను, ఏడో రూలు నాకూ వర్తిస్తుంది, నన్నూ తీసెయ్యండి.

పన్నెండో మిషను ఆవిడ మేనేజరు ముందు కాగితం పట్టుకుంది. "మీటరు అబద్ధం చెప్పదన్నారుగా సార్? ఇదిగో, వీళ్ళిద్దరూ ఇవాళంతా మిషన్ల దగ్గరే ఉన్నారు. మరి పొద్దున్నుంచీ ఆ గట్టు మీద కూర్చున్నది ఎవరు, దయ్యాలా?"

మేనేజరు మేడ మీదికి వెళ్ళి ఫోను చేసి వచ్చాడు. తీర్పు వెలువడ్డాక కొత్త సాక్ష్యం తీసుకునే వీల్లేదన్నారట మధ్యవర్తిగారు. తర్వాతి ఫోను పోలీసులకి.

వాళ్ళు వచ్చేలోపు క్వార్టర్ల కాపలావాళ్ళు ఇంకో పని పూర్తిచేశారు. నిదానమ్మ భర్తని మంచంతో సహా తెచ్చి రోడ్డు వారన దించారు. సిలిండరు లేదు. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి గాలి కోసం పెనుగులాడుతున్నాడు. నిదానమ్మ పరుగెత్తింది. చేరేలోపే ఇద్దరు పోలీసులు పట్టుకున్నారు.

"లీడరెవరు?" అన్నాడు ఇనస్పెక్టరు.

మేనేజరు వేలితో చూపించాడు. వసపిట్ట, నిదానమ్మ, ఫిట్టరు బాబాయి. ముగ్గుర్నీ వ్యాను దగ్గరికి లాక్కెళ్ళారు. జనం కేకలు వేశారు, ఒక లాఠీ లేచింది, పెద్దమ్మ చీపురు విరిగింది. అంతా అయిపోయినట్టే అనిపించింది.

వ్యాను మెట్టు మీద కాలు పెట్టిన వసపిట్ట వెనక్కి తిరిగింది.

"ఖాళీ కండెలు తెమ్మని నన్ను పంపింది మేస్త్రీయే!" అంది. గొంతు చీలికలైంది, కానీ రోడ్డు అవతలి టీ దుకాణం దాకా వినిపించింది. "నేను వెళ్ళాక తలుపేశాడు. నోరు మూశాడు. గోళ్ళతో రక్కాను. చెవి పట్టి లాగాడు."

"ఏయ్! ఆ గదిలో మాటలు బయట చెప్పకూడదు. సంతకం పెట్టావు!" అని అరిచాడు మేనేజరు.

"పెట్టాను. ఇంకో కేసు రాసుకోండి. నా బట్టలు చింపాడు. అరిస్తే మిషన్ల మోతలో ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు వినండి!"

ఇనస్పెక్టరు ఆమెని లోపలికి తోశాడు. అప్పుడు గుంపులోంచి ఇంకో గొంతు లేచింది. "నన్ను కూడా. పోయిన ఏడు." పదిహేనో మిషను ఆవిడ. తర్వాత ఇంకొకరు. పెద్దమ్మ విరిగిన చీపురు పట్టుకుని, "నా కాలంలో ఇంకో మేస్త్రీ ఉండేవాడు. గోదాము అదే," అంది. ఒక్కో మాటకీ ఆడవాళ్ళు ఇంకాస్త ముందుకి జరిగారు. మేడ వరండాలో నిలబడ్డ మేస్త్రీ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

నిదానమ్మ వ్యాను లోపల ఊచలు పట్టుకుని నిలబడింది. ఎదురుగా మంచం మీద భర్త. ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఈ ఒక్క మనిషి వినకూడదని పన్నెండేళ్ళు నోరు కుట్టుకుంది. ఆయన మొహంలోకే చూస్తూ చెప్పింది.

"నన్ను కూడా. పన్నెండేళ్ళ కింద. ఎవరికీ చెప్పలేదు. నేనప్పుడే చెప్పి ఉంటే ఈ పిల్లకి ఈ గతి పట్టేది కాదు."

ఆయన తల దించుకున్నాడు. తర్వాత మంచం పట్టె పట్టుకుని లేచాడు. రెండడుగులకి ఒకసారి ఆగుతూ, ఎవరో చెయ్యందిస్తే వద్దని విదిలిస్తూ, వ్యాను దాకా నడిచి వచ్చాడు. ఊచల మీద ఉన్న ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు వేశాడు.

"నన్నూ... ఎక్కించండి," అన్నాడు ఇనస్పెక్టరుతో.

"నువ్వెవడివయ్యా?"

"ఆవిడ... మొగుణ్ణి."

"నన్నెక్కించండి," అంది పన్నెండో మిషను ఆవిడ. "నన్నూ" అంది ఇంకొకావిడ. ఏడో రూలు తప్పినవాళ్ళు అరవైమంది, గోదాము మాట బయట పెట్టినవాళ్ళూ వాళ్ళలోనే ఉన్నారు. ఇనస్పెక్టరు వ్యాను వంక చూశాడు, జనం వంక చూశాడు.

"ఇంతమంది పట్టరు. పొండి, పొండి!"

"పట్టకపోతే నడిచే వస్తాం. స్టేషను ఎటో మాకు తెలుసు."

ఆయన్ని మళ్ళీ మంచం మీద కూర్చోబెట్టి నలుగురు ఆడవాళ్ళు భుజాలకెత్తుకున్నారు. వ్యాను కదిలింది. డ్రైవరు హారను మీదనుంచి చెయ్యి తియ్యలేదు. అయినా అది వేగం అందుకోలేకపోయింది. దాని వెనకే కాదు, ముందు కూడా ఆడవాళ్ళే నడుస్తున్నారు.